రెండో ముడి ఆకు

అనగనగా ఒక అడవిలో చెంగమ్మ అనే చెవులపిల్లి ఉండేది. కడుపుతో ఉంది. ఇంకో వారంలో పిల్లలు పుడతాయి. ఉండటానికి మాత్రం ఇల్లు లేదు, తుప్పల్లోనే కాపురం. తొలకరి ముంచుకొస్తోంది. తుప్పలో పుట్టిన పసికూనలు వానకి తట్టుకుంటాయా? తట్టుకోవు. అందుకే చెంగమ్మ ఎండాకాలమంతా కాళ్లరిగేలా తిరిగి, ఒక గుట్టెడు అడవి దుంపలు తవ్వి దాచింది. మంచి ఇల్లు దొరికితే అవిచ్చి కొనుక్కుందామని దాని ఆశ.

ఓ పొద్దున ఆ ఇల్లు దొరకనే దొరికింది. ఎర్రగుట్ట మీద ముళ్లపంది సూదయ్య తన ఇల్లు అమ్ముతున్నాడట. చెంగమ్మ ఒక్క ఉరుకున వెళ్లి చూసింది. ముందు గది, వెనక గది, ఆ లోపల ఇంకో చిన్న గది. నేల పొడిగా, పిండిలా మెత్తగా ఉంది. చెంగమ్మ మూడు గదులూ మూడేసి సార్లు తిరిగింది. లోపలి గదిలో వెల్లకిలా పడుకుని కూడా చూసింది. "నా పిల్లలు ఇక్కడే పుడతాయి" అనుకుంది. ఇంకేముంది, మనసు అక్కడే పారేసుకుంది.

"ఇంత మంచి ఇల్లు ఎందుకమ్ముతున్నావు సూదయ్యన్నా?" అని అడిగింది.

"మా ఆవిడ పుట్టిల్లు కొండ అవతల ఉంది చెల్లెమ్మా. అక్కడికి వెళ్లకపోతే నాతో మాట్లాడనంటోంది. కిందటి చలికాలంలోనే కొన్నాను, ఒక్క వానాకాలమన్నా ఉండలేదు. నీ దుంపల గుట్ట ఇచ్చెయ్యి, ఇల్లు నీది" అన్నాడు సూదయ్య.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. ఆ అడవిలో ప్రతి ఇంటికీ ఒక ఆకుల దండ ఉంటుంది. ఆ ఇంటి మీద ఎవరు ఎవరికి ఏమిచ్చినా సరే, ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ ఎర్రమట్టిలో పాదం అద్ది మోదుగాకు మీద ముద్ర వెయ్యాలి. ఇచ్చింది ఏమిటో తాబేలు గోటితో గీసి రాస్తాడు. ఆ ఆకుని తీగకి ముడేసి కడతారు. ఒక మాటకి ఒక ముడి, ఒక ముడికి ఒక ఆకు. మన ఇళ్లకి దస్తావేజులుండవూ, అలాగన్నమాట.

సూదయ్య దండ పట్టుకొచ్చాడు. ఆకులు రాసే తాబేలు చిప్పల తాత కూడా వచ్చి కూర్చున్నాడు. మొదటి ఆకులో, ఇల్లు తవ్విన పొలుసుల జంతువు అలుగు దాన్ని పందికొక్కుకి ఇచ్చినట్టుంది. చివరి ఆకులో, పందికొక్కు సూదయ్యకి ఇచ్చినట్టుంది. మధ్యలో ఇంకో ముడి ఉంది. ఆ ముడికి ఆకు లేదు.

"రెండో ముడి ఆకేదిరా?" అన్నాడు తాత.

"చెదలు తినేసుంటుంది తాతా. అయినా దాంతో పనేముంది? అలుగు పందికొక్కుకిచ్చింది, పందికొక్కు నాకిచ్చింది. లెక్క సరిపోయింది కదా" అన్నాడు సూదయ్య. "మనలో మనకి ఇన్ని పట్టింపులేంటి చెల్లెమ్మా? అటు మబ్బు చూడు. అడవికోళ్లు కూడా ఈ ఇల్లడుగుతున్నాయి. నీ ఇష్టం మరి."

చెంగమ్మ తలెత్తింది. చూస్తే పడమటి దిక్కున మబ్బు నల్లగా ఉంది. ఎదురుగా ఇల్లేమో రారమ్మంటోంది. పాదం ఎర్రమట్టిలో పెట్టబోయింది కూడా.

"ఆగు అమ్మాయ్," అన్నాడు తాత. "చెదలు ఆకు తింటే ముడిలో తొడిమె ముక్కన్నా మిగులుతుంది. ఇక్కడ అదీ లేదు. ఎవరో తొడిమెతో సహా లాగి తీసుకెళ్లారు. పనికిరాని ఆకుని ఎవరైనా దాచుకుంటారా? అది మా అన్న ఆకులు రాసే రోజుల్లో కట్టిన ముడి, అందులో ఏముందో నాకూ తెలీదు. సూదయ్యకి అప్పుడే చెప్పాను, వింటేనా? నీకూ చెబుతున్నాను. తర్వాత నీ ఇష్టం."

చెంగమ్మ లోపలి గది వంక ఒకసారి చూసింది. మబ్బు వంక ఒకసారి చూసింది. తర్వాత తన పొట్ట వంక చూసుకుంది. గభాలున పాదం వెనక్కి తీసేసుకుంది.

"ఎవరి దగ్గరుందో తెలియాలంటే ఏం చెయ్యాలి తాతా?"

"మూడు పొద్దుల చాటింపు వేయించు. ఎవరూ రాకపోతే ఆ ముడి నేనే కోసేస్తాను. ఆ తర్వాత ఎవరొచ్చినా వాళ్ల మాట చెల్లదు."

మర్నాడు పొద్దున్నే వడ్రంగిపిట్ట ఎండుచెట్టెక్కి టకటకా ముక్కుతో వాయించింది. "ఎర్రగుట్ట మీది ఇల్లు చేతులు మారుతోందహో! రెండో ముడి ఆకు ఎవరి దగ్గరుంటే వాళ్లు మూడు పొద్దుల్లోగా రావాలహో!" అని చాటింది. అడవంతా మారుమోగింది. చెంగమ్మ చెవులు నిక్కించుకుని గుట్ట మీదే కూర్చుంది. ఆ రోజు ఎవరూ రాలేదు.

రెండో పొద్దునా చాటింపు వేశారు. ఈసారి ఒక కాకి ఆకు పట్టుకుని రివ్వున దిగింది. చెంగమ్మ ఎగిరి గంతేసింది. తాత ఆకు వాసన చూశాడు. "ఇది ఇవాళ కోసిన ఆకు. ముద్ర నీ కాలిదే. దుంప ఇస్తారనుకుని వచ్చావు కదే?" అన్నాడు. కాకి నవ్వేసి ఎగిరిపోయింది. సూదయ్య మాత్రం ఊరుకోలేదు. "చూశావా, అనవసరంగా రెండు రోజులు పోయాయి. రేపు వాన పడితే నీ పిల్లల గతేంటి?" అని దెప్పాడు. చెంగమ్మకి ఏడుపొచ్చింది. అయినా కదల్లేదు.

మూడో పొద్దుకి ఆకాశం బాగా దిగివచ్చింది. గాలి లేచింది. వడ్రంగిపిట్ట చివరిసారి వాయించింది. పొద్దు నడినెత్తికెక్కింది, ఎవరూ లేరు. పొద్దు వాలింది, ఎవరూ లేరు. సూదయ్య మీసాలు దువ్వుకుంటూ "కోసెయ్ తాతా ముడి" అన్నాడు. తాత తీగ చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు గుట్ట కింద ఎండుటాకులు గలగలమన్నాయి. ఇంత పొడుగు ఉడుము ఒకటి, నాలుక ఆడించుకుంటూ, తాపీగా పైకి పాకి వచ్చింది. దాని నోట్లో పాత మోదుగాకు ఉంది.

తాత ఆకు అందుకుని చదివాడు. "లోపలి చిన్న గది తవ్వినందుకు, వానాకాలం నాలుగు నెలలూ ఆ గదిలో ఉండే హక్కు ఉడుముకి ఇస్తున్నాను. ఇట్లు, పందికొక్కు." ముద్ర సరిగ్గా పందికొక్కుదే. సూదయ్య ముళ్లన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. "నాకెవరూ చెప్పలేదే" అని గొణిగాడు.

"నువ్వు అడిగితే కదా చెప్పేది," అంది ఉడుము. "నాది ఏటిగట్టు మీది బొరియ. వానలకి మునిగిపోతుంది. రేపో ఎల్లుండో లోపలి గదికి వచ్చేసేదాన్ని. నిద్ర లేచేసరికి నాకు ఒళ్లు తెలియని ఆకలి. పక్కన మెత్తగా ఏం తగిలినా తినేస్తాను. ఎవరి పిల్లలని అడగను తల్లీ."

చెంగమ్మ లోపలి గది వంక చూసింది. ఆ గదిలోనే కదా తను పడుకుని చూసింది. ఆ గదిలోనే కదా పిల్లల్ని కందామనుకుంది.  తర్వాత మెల్లగా అడిగింది.

"అత్తా, నీకు కావలసింది ఈ గదా, లేకపోతే పొడిగా ఉన్న చోటా?"

ఉడుము ఆలోచించింది. "పొడిగా ఉంటే చాలు. దూరమైతే ఇంకా మంచిదే, ఎవరి గోలా ఉండదు" అంది.

"విన్నావా సూదయ్యన్నా? గుట్టకి ఆ చివర అత్తకి ఒక గది తవ్విపెట్టు. అత్త తన హక్కు వదులుకున్నట్టు ఆకు రాసిచ్చాకే నా దుంపలు నీకిస్తాను" అంది చెంగమ్మ. సూదయ్య గొణుక్కున్నాడు, సణుక్కున్నాడు. ఏం చేస్తాడు, తవ్వాడు. రాత్రంతా తవ్వి, తెల్లారేసరికి కొత్త గది సిద్ధం చేశాడు. ఉడుము దూరి చూసుకుని, బయటికొచ్చి, ఎర్రమట్టిలో పాదం అద్ది ఆకు మీద గట్టిగా నొక్కింది. దాని కింద, ఇల్లు ఇచ్చినట్టు సూదయ్య ఆకు, ఆ ఆకు మీద అన్నిటికన్నా కింద చెంగమ్మ ముద్ర. తాత చివరి ముడి బిగించాడు.

ఆ ముడి బిగుస్తుండగానే చినుకు పడింది. చెంగమ్మ ఒక్క గెంతులో లోపలికి దూరింది. వాన మూడు రోజులు వదలకుండా కురిసింది. ఆ వానలోనే, లోపలి చిన్న గదిలో, చెంగమ్మకి నాలుగు పిల్లలు పుట్టాయి. నాలుగూ తల్లి పొట్టలో మూతులు దూర్చి, ఏ భయమూ లేకుండా, హాయిగా నిద్రపోయాయి.

నీతి: కొనే ఇంటికి ఒక్క కాగితం తక్కువైనా, అది ఎవరి చేతిలో ఉందో తేలేదాకా సంతకం పెట్టకు.