నాలుక లేని గంట

ఎమిల్ క్రాలిక్ జడ్జి అయి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో దొంగల్ని చూశాడు, తాగుబోతుల్ని చూశాడు, కంచె తగాదాలు లెక్కలేనన్ని తీర్చాడు. తీర్పు రాయడానికి కూర్చుని, కలం పక్కన పడేసి లేచిపోవడం మాత్రం ఇదే మొదటిసారి.

అమెరికాలో ఉత్తరం వైపు, ఎంత దూరం చూసినా చెట్టన్నది కనపడని మైదానాలున్న రాష్ట్రం వాళ్ళది. ఆ ఏడు చలికాలం ముందు అక్కడ గొంతు జ్వరం వచ్చింది. పిల్లలు పోయారు. ఒకరూ ఇద్దరూ కాదు, కొన్ని ఊళ్ళలో బడులు మూసేశారు. జనం ఏడ్చారు, ఏడ్చి ఏడ్చి కోపం తెచ్చుకున్నారు. ఆ కోపాన్ని ఎవరో ఒకరి మీద దింపుకోవాలి కదా. నల్లబట్టలు కట్టుకుని, వేరే భాష మాట్లాడుకుంటూ, తమ మానాన తాము సేద్యం చేసుకునే ఒక చిన్న మతం వాళ్ళు ఊళ్ళకి ఎడంగా ఉంటారు. వాళ్ళలో పిల్లలు తక్కువ పోయారని ఎవరో అన్నారు. ఆ ఒక్క మాట చాలింది.

శాసనసభ ఒక్క రోజులో చట్టం చేసేసింది. ఆ మతం వాళ్ళలో ఎవరి మీద అనుమానం వచ్చినా అధికారి ఒక్క సంతకంతో జైల్లో పెట్టొచ్చు. ఎందుకో చెప్పక్కర్లేదు, విచారణ అక్కర్లేదు. సభలో వద్దని ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

అలా పట్టుకొచ్చిన వాళ్ళలో మొదటి మనిషి ఆనా వీబ్. మంత్రసాని. ఎమిల్ కోర్టు కింద, నేలమాళిగలో ఉన్న జైల్లో నలభై రోజులుగా ఉంది. ఆవిడ పెట్టుకున్న పిటిషన్‌లో ఒక్కటే వాక్యం. నేనేం చేశానో చెప్పండి. దాని మీద సోమవారం ఎమిల్ తీర్పు చెప్పాలి.

ఆ దేశంలో ఒక పద్ధతుంది. సైన్యం అధ్యక్షుడి చేతిలో ఉంటుంది, ఖజానా సభల చేతిలో ఉంటుంది, జడ్జి చేతిలో మాత్రం ఏమీ ఉండదు. అయినా చట్టసభ చేసిన చట్టం రాజ్యాంగంతో పొసగకపోతే, అది ఎంత మందికి ఇష్టమైన చట్టమైనా సరే, చెల్లదని కొట్టెయ్యాల్సింది ఆ ఏమీ లేని మనిషే. ఎమిల్ లాంటి చిన్న కోర్టు జడ్జి కూడా ఆ మాట అనొచ్చు. అంటే తర్వాత ఏమవుతుందన్నది వేరే సంగతి. అక్కడ జడ్జీలకీ ఎన్నికలుంటాయి, ఎమిల్ ఎన్నిక వచ్చే ఏడే.

ఏం చెయ్యాలో తోచక శనివారం పొద్దున్నే గురువుగారి దగ్గరికి బయల్దేరాడు.

గురువుగారంటే హాకన్ లిండ్ గారు. ఎనభై ఏళ్ళ మనిషి. ఒకప్పుడు ఆయన కూడా జడ్జి. ఆయన దగ్గర ఎమిల్ ఏడేళ్ళు తీర్పులు నకలు రాశాడు, తిట్లు తిన్నాడు, మనిషయ్యాడు. ఇప్పుడాయన మైదానం మధ్యలో ఒక్కడే నాలుగు ఆవుల్ని పెట్టుకుని ఉంటున్నాడు.

దారంతా మంచు కాబట్టి, ఊరి పోలీసూ జైలూ చూసుకునే షెరీఫ్ గస్ తన గుర్రబ్బండిలో తీసుకెళ్ళాడు. గస్ మంచివాడు. అక్టోబరులో జ్వరం అతని కూతుర్ని తీసుకెళ్ళిపోయింది, ఆరేళ్ళ పిల్ల. అప్పట్నుంచీ అతను పెద్దగా మాట్లాడడం లేదు. బండి దిగబోయే ముందు ఒక్క మాటే అన్నాడు, సోమవారం ఆ మంత్రసానిని వదిలేస్తారేమోనని ఊళ్ళో భయపడుతున్నారని. అని, గుర్రాన్ని కట్టెయ్యడానికి కొట్టం వైపు పోయాడు.

వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చోగానే ఎమిల్ మనసులో ఉన్నదంతా కక్కేశాడు. నాలుగు లక్షల మంది కోరుకున్న చట్టం ఇది, నన్నెవరు అడిగారు, నేనెవర్ని కాదనడానికి అన్నాడు. ఎప్పుడో చచ్చిపోయిన వాళ్ళు రాసిన కాగితం కోసం బతికున్న వాళ్ళ మాట తీసి అవతల పారెయ్యాలా అన్నాడు. ప్రజల ముందు తలొంచడమే జడ్జికి వినయం అని కూడా అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో కాస్త గర్వం లేకపోలేదు.

ముసలాయన అంతా విని, "ఆవిడ ఏం అడిగింది?" అన్నాడు.

"తనేం చేసిందో చెప్పమంటోంది."

"చెప్పారా?"

"చెప్పక్కర్లేదని చట్టంలో ఉంది గురువుగారూ."

ఆయన గోడ గడియారం కేసి చూసి, ఆవులకి నీళ్ళు పెట్టే వేళయిందని లేచాడు.

ఈలోగా బయట వాతావరణం మారిపోయింది. పడమటి నుంచి మంచు తుఫాను లేచి, మిట్టమధ్యాహ్నం వేళ కిటికీ అవతల ప్రపంచం అంతా సున్నం కొట్టినట్టు అయిపోయింది. తపాలా బంట్రోతు పీట్ దారి తప్పబోయి, ఎలాగో ఆ ఇంటి గోడ చేతికి తగిలి లోపలికొచ్చి పడ్డాడు. ముసలాయన కిటికీలకి చెక్క తలుపులు బిగించి గడియలు పెట్టాడు. ముగ్గుర్నీ బకెట్లు పట్టుకోమన్నాడు.

ఇంటి గుమ్మం నుంచి కొట్టం గుమ్మం దాకా నడుం ఎత్తున, గుంజల మీదుగా కాస్త వంపు తిరిగి ఒక మోకు కట్టి ఉంటుంది. ఆ మైదానాల్లో చాలా ఇళ్ళ దగ్గర కడతారు. ఎనభై అడుగుల దూరమే, కానీ తుఫానులో దారి కనపడక ఆ ఎనభై అడుగుల మధ్యే మనుషులు పోయారు. మోకు ఎండ కాసే రోజునే కట్టాలని లిండ్ గారి పట్టుదల. కట్టాక చలికాలమంతా రోజూ దాన్ని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తడిమి చూసేవాడు, ఎక్కడన్నా పురి విడిందేమోనని. ఎమిల్ గుమాస్తాగా ఉన్న రోజుల్లో దాన్ని చూసి నవ్వుకునేవాడు. ఒకసారి ఉండబట్టలేక, ఈ మోకు పక్కకి జరిపి కడితే దగ్గర దారి అవుతుంది కదా అన్నాడు కూడా. జరుపుదాం, ఎండ రానీ, అందరం చూసి జరుపుదాం అన్నాడాయన.

వెళ్ళేటప్పుడు ఏమీ కాలేదు. మోకు పట్టుకుని ఒకరి వెనక ఒకరు వెళ్ళారు, ఆవులకి నీళ్ళు పెట్టారు, పాలు తీశారు. పాల క్యాను ముసలాయన చేతిలో ఉంది.

తిరిగొచ్చేటప్పుడు సగం దూరంలో గంట మోగింది.

భోజనాలకి పిలవడానికి ఇంటి ముందు కట్టుకునే గంట. ఎమిల్ చిన్నప్పుడు వాళ్ళమ్మ అచ్చం అలాగే మోగించేది, రెండు కొట్టి, కాస్త ఆగి, మూడు కొట్టేది. ఆ మోత వినగానే అతనికి చలి మర్చిపోయినంత హాయిగా అనిపించింది. తలెత్తి చూస్తే ఎడమ చేతి వైపు దగ్గర్లోనే పసుపుపచ్చటి దీపం. కిటికీలోంచి వెలుగు పడ్డట్టు, నలుచదరంగా.

మోకు మాత్రం అటు పోవడం లేదు. కుడికి పోతోంది.

"గుంజ ఊడిపోయుంటుంది," అన్నాడు పీట్. "గాలికి మోకు ఎటో కొట్టుకుపోయింది. ఇల్లు అదిగో, కనపడుతూంటే."

 గస్ మొహం చూసి ఎమిల్ భయపడ్డాడు. రెణ్ణెల్లుగా రాయిలా ఉన్న మొహం మెత్తబడిపోయి, కళ్ళలోంచి నీళ్ళు కారి కారినచోటే గడ్డకడుతున్నాయి.

"మా చిన్నది," అన్నాడు గస్. "మా చిన్నది మోగిస్తోంది. ఎప్పుడూ అలాగే గబగబా కొట్టేది. నేను పోతాను."

ఎమిల్‌కి ఆ మోత నిదానంగా వినిపిస్తోంది. గస్‌కి గబగబా వినిపిస్తోంది. ఆ తేడా పట్టించుకునే స్థితిలో ఎవరూ లేరు. ముగ్గురికీ దీపం కనపడుతోంది, ముగ్గురికీ గంట వినపడుతోంది, ముగ్గురూ ఒక్క మాట మీదున్నారు. ముసలాయన ఒక్కడే మోకు పట్టుకుని నిలబడ్డాడు. ముగ్గురూ తలో చెయ్యీ వేస్తే ఆయన్ని ఎత్తుకుపోగలరు. ఆయన వాళ్ళని ఆపలేదు, వాదించలేదు. మోకు మీంచి చెయ్యి తియ్యలేదు, అంతే.

ఎమిల్ చెయ్యి తీశాడు. దీపం వైపు రెండడుగులు వేశాడు. గస్, పీట్ అతని వెనకే వచ్చారు.

అప్పుడు ముసలాయన చేతిలో ఉన్న పాల క్యానుని వెనక్కి ఊపి, వాళ్ళ తలల మీంచి ఆ దీపం కేసి విసిరేశాడు.

నాలుగడుగుల అవతల మంచులో దబ్బున పడాలి అది. పడిన చప్పుడు రాలేదు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి విన్నారు. చాలాసేపటికి, ఎక్కడో వాళ్ళ కాళ్ళకి బాగా కిందన, రాతి మీద రేకు పగిలిన చప్పుడు వినిపించింది. వేసవిలో ఎమిల్ ఎన్నోసార్లు చూసిన లోయే అది. వాగు నిట్టనిలువుగా కోసేసింది, కొట్టం నుంచి ఇంటికొచ్చే దారి పక్కనే ఉంటుంది. ఇంత దగ్గరలో ఉందని అతనికి తట్టనేలేదు.

దీపం ఆరలేదు. గంట ఆగలేదు. ఇంకాస్త ఆప్యాయంగా పిలుస్తోంది.

ఎమిల్ గిర్రున తిరిగి మోకు కోసం చెయ్యి చాపాడు. మోకు లేదు. వేసింది రెండే అడుగులు, ఎటు చాపినా గాలే. పక్కనున్న గస్ కూడా కనపడడం లేదు. ఇంక అయిపోయింది అనుకున్నాడు. కోటు ఎవరో పట్టుకున్నారు, అది గస్ అయితే బాగుండునని ప్రార్థించాడు. అంతలో చాపిన చేతికి తోలు చేతితొడుగు ఒకటి తగిలింది. ముసలాయన ఒక చెయ్యి మోకు మీదే ఉంచి, రెండోది వాళ్ళ వైపు సాగినంత మేరా చాపి నిలబడి ఉన్నాడు.

"ఇల్లు ఎటుందో నాకూ కనపడదు ఎమిల్," అన్నాడాయన. "మోకు ఎక్కడుందో తెలుసు. అంతే."

ఆ చెయ్యి అందుకుని ముగ్గురూ ఒకరి వెనక ఒకరు మోకు దగ్గరికి చేరారు. నలుగురూ మోకు పట్టుకుని, గంట మోతకి వీపు తిప్పి నడిచారు. ఆ నడిచినంతసేపూ గస్ చిన్నపిల్లాడిలా ఏడుస్తూనే ఉన్నాడు.  కాసేపటికి ఎమిల్ మోకాలు మెట్టుకి కొట్టుకుంది. ఇల్లు.

లోపల దీపం బల్ల మీద మామూలుగా వెలుగుతోంది. కిటికీల చెక్క తలుపులు వేసినవి వేసినట్టే ఉన్నాయి, గడియలు తియ్యలేదు. బయటికి సూది మొనంత వెలుగు పోయే వీల్లేదు. ఇంట్లో ఇంకో మనిషి లేడు.

గంట ఎవరు కొట్టారని పీట్ అడిగాడు. ముసలాయన బల్ల సొరుగు లాగి, పాత గుడ్డలో చుట్టిన ఇనప ముక్క ఒకటి తీసి వాళ్ళ ముందు పెట్టాడు. గంట నాలుక, అది లేకపోతే గంట మోగదు. నవంబరులోనే ఈ ఇంటి ముందు గంటలోంచి తీసి సొరుగులో దాచానన్నాడు.

"మరి మేం విన్నది?" అన్నాడు ఎమిల్.

"నేనూ విన్నాను. ప్రతి చలికాలం వింటాను."

"మీకెలా వినిపిస్తుంది గురువుగారూ?"

"మా ఆవిడ కొట్టినట్టు వినిపిస్తుంది." ఆయన నాలుకని మళ్ళీ గుడ్డలో చుట్టాడు. పొయ్యి మీద కాఫీ పెట్టాడు. చట్టం గురించి గానీ, సోమవారం గురించి గానీ ఇంక ఒక్క మాట మాట్లాడలేదు.

సోమవారం కోర్టులో నిలబడ్డానికి చోటు లేదు. వాకిలి దాటి రోడ్డు మీద కూడా జనమే. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ముందు వరసలో కూర్చున్నారు.  వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. అదే అసలు బాధ.

కొత్త చట్టం పైకి చదివాడు. తర్వాత పాత రాజ్యాంగం తెరిచి, విచారణ లేకుండా ఎవరి స్వేచ్ఛనీ లాక్కోకూడదన్న వాక్యం మీద ఎడమ చెయ్యి పెట్టాడు. రెండూ ఒకచోట ఇమడవని, కొత్తది చెల్లదని, ఆనా వీబ్‌ని వదిలెయ్యమని చెప్పాడు. ఐదు వాక్యాలు. 

హాలు గొల్లుమంది. వద్దు, వద్దు అని లోపలా బయటా ఒకటే కేక, గోడలు అదిరేట్టు. ఆ కేకలో నుంచి, దాని కిందనుంచి, మెల్లగా, హాయిగా, రెండు కొట్టి కాస్త ఆగి మూడు కొట్టి, ఎమిల్‌కి గంట వినిపించింది. ఆ కోర్టుకి గంట లేదు. మాట వెనక్కి తీసుకుంటే ఈ జనమంతా తన వాళ్ళే, ఇంటికెళ్ళినంత సుఖం. ఎమిల్ ఆ వాక్యం మీంచి చెయ్యి తియ్యలేదు.

తాళంచెవి జడ్జి దగ్గర ఉండదు. షెరీఫ్ దగ్గర ఉంటుంది. గస్ గోడ పక్కన నిలబడి ఉన్నాడు, మొహం పాలిపోయి. అతను కదలనంటే ఎమిల్ చెప్పింది వట్టి మాట, అంతకన్నా ఏమీ కాదు. అందరూ అతని కేసే చూస్తున్నారు.

గస్ జనం మధ్య నుంచి జడ్జి బల్ల దగ్గరికి నడిచొచ్చాడు. వంగి, ఇద్దరికే వినపడేలా అడిగాడు.

"మీక్కూడా వినిపిస్తోందా జడ్జిగారూ?"

"వినిపిస్తోంది గస్."

 గస్ నడుముకున్న తాళంచెవుల గుత్తి విప్పి, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టే కింద జైల్లోకి దిగాడు.