పొరుగిళ్ళకు వంకలు పెట్టిన గిజిగాడు

అనగనగా ఒక అడవిలో, వాగు మీదికి వంగిన తుమ్మకొమ్మకి ఒక సగం గూడు వేలాడుతూ ఉండేది. సగమే ఎందుకంటారా? గిజిగాళ్ళలో అదే పద్ధతి. మగపిట్ట సగం అల్లుతుంది. ఆడపిట్ట వచ్చి లోపల కూర్చుని, ముక్కుతో లాగి చూస్తుంది. నచ్చితే మగపిట్ట మిగతా సగం అల్లుతుంది, ఇక కాపురమే. నచ్చకపోతే తుర్రు. అంతే, బతిమాలుకోవడాలు ఉండవు.

ఆ గూడు పోచయ్య అనే గిజిగాడిది. పచ్చిగడ్డి చీలికలు తెచ్చి బ్రహ్మాండంగా అల్లాడు. ఇక కొమ్మ దగ్గర ముడి ఒక్కటే బిగించాలి. గడ్డి పచ్చిగా ఉన్నప్పుడే బిగించాలి, ఎండితే పట్టు ఉండదు. ఆ సంగతి పోచయ్యకి తెలుసు. సాయంత్రం సజ్జమ్మ అనే ఆడపిట్ట గూడు చూడ్డానికి వస్తోందని తెలుసు. ఆమె కాదంటే ఈ వానాకాలమంతా ఒంటరి బతుకేనని కూడా తెలుసు.

అన్నీ తెలిసినవాడు ఏం చేశాడు? "ముడి ఎక్కడికి పోతుందిలే! ఈలోపు మనవాళ్ళ ఇళ్ళు ఎలా ఏడ్చాయో చూసొద్దాం" అని బయల్దేరాడు.

ముందు కుట్టుపిట్ట ఎదురైంది. రెండు ఆకులు దగ్గరికి లాగి, సాలెపురుగు దారంతో కుట్టి, లోపల దూది పరుస్తోంది.

"అక్కా, ఇది ఇల్లా, పకోడీ పొట్లమా?" అన్నాడు పోచయ్య.

"పొట్లమే తమ్ముడూ. నా పిల్లలు పకోడీలంతే ఉంటారు" అంది కుట్టుపిట్ట.

తర్వాత వడ్రంగిపిట్ట తొర్రలోకి తల పెట్టాడు. "బాబాయ్, కిటికీ లేదు, వెలుతురు లేదు. ఇందులో ఉంటున్నావా, దాక్కుంటున్నావా?"

"రెండూనురా" అన్నాడు వడ్రంగిపిట్ట, చెక్కడం ఆపకుండా.

చివరికి వాగు ఒడ్డుకి వెళ్ళాడు. అక్కడ గులకరాళ్ళ మీద తీతువు పిట్ట కూర్చుని ఉంది. "అత్తా! గోడల్లేవు, కప్పు లేదు, గడప లేదు. గృహప్రవేశం ఎటునుంచి చేశావు?"

"ఎటు కాలు పెడితే అటే గడప నాయనా! చిమ్మే పనీ లేదు" అంది తీతువు.

తన హాస్యానికి తనే మురిసిపోతూ పోచయ్య ఇల్లు చేరాడు. చూస్తే ఏముంది? గడ్డి ఎండిపోయింది. ముడి లాగబోతే ఒక పోచ పుటుక్కున విరిగింది. సరిగ్గా అప్పుడే సజ్జమ్మ వచ్చింది. లోపల కూర్చుంది. గూడు గిర్రున తిరిగింది.

"ఏమయ్యా! ఇది కాపురానికా, తిరనాళ్ళలో రంగులరాట్నానికా?" అని ఎగిరిపోయింది.

వెనకే గాలివాన వచ్చింది. ముడి ఊడి, గూడు వాగులో పడి కొట్టుకుపోయింది.

"ఒరేయ్, తడుస్తున్నావేంరా! నా పాత తొర్ర ఖాళీగా ఉంది, దూరు" అని వడ్రంగిపిట్ట కేకేశాడు.

పోచయ్య దూరాడు. లోపల ఎంత వెచ్చగా ఉందని! గోడలు నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. గాలి లోపలికి రావడానికి దారే లేదు. 'కిటికీ ఉంటే ఈ వానంతా నా నెత్తి మీదే కురిసేది' అనుకున్నాడు.

వాన వెలిశాక తల బయటపెట్టి చూశాడు. కుట్టుపిట్ట పొట్లం మీంచి నీళ్ళు జారిపోయాయి. లోపల దూది తడవనే లేదు. గూటిని వెతుకుదామని వాగు ఒడ్డున దిగబోయాడు.

"ఆగు! కాలి కింద గుడ్డు!" అని తీతువు అరిచింది.

పోచయ్య కళ్ళు చికిలించి చూశాడు. అన్నీ రాళ్ళే. "ఏదత్తా?"

"నీకు కనపడలేదు కదా? పాముకీ అంతే."

పోచయ్యకి సిగ్గేసింది. ఆ తర్వాత నవ్వొచ్చింది. "ఓరి నా తెలివీ! నేను వెక్కిరించిన ఇళ్ళన్నీ నిలబడ్డాయి. నా ఇంట్లో మాత్రం ఈపాటికి చేపలు గృహప్రవేశం చేసుంటాయి!" అని పడీపడీ నవ్వాడు. పై కొమ్మ మీద ఇంకెవరో కూడా నవ్వారు. సజ్జమ్మే.

మర్నాడు పోచయ్య మళ్ళీ అల్లాడు. ఈసారి ముందు ముడి బిగించాకే మిగతా పని. సజ్జమ్మ వచ్చి, "అందరి ఇళ్ళకీ పేర్లు పెట్టావటగా, నీ ఇంటి సంగతి చెప్పు" అంది.

"ఇదా? సంచీ అండీ. గాలొస్తే ఊగుతుంది. ప్రతి పాముకీ కనపడుతుంది, అందుకే నీళ్ళ మీద వేలాడదీశా. నాకు మాత్రం ఇందులో తప్ప నిద్రపట్టదు. అసలు మా వడ్రంగి బాబాయ్ గోడలు చూడాలండీ! కుట్టుపిట్ట అక్క కుట్టు చూశారా? తీతువు అత్త ఇల్లయితే చూద్దామన్నా కనపడదు, అదీ దాని గొప్ప!"

అతను చెబుతూనే ఉన్నాడు. సజ్జమ్మ ముడి లాగింది. కదల్లేదు. ఇంకా గట్టిగా లాగింది. ఊహూఁ.

"ముడి బాగానే వేశావు. నీ నోటికి కూడా ఒకటి వెయ్యాలేమో!" అంది.

"వెయ్యండి" అని పోచయ్య ముక్కు ముందుకు చాపాడు.

సజ్జమ్మ అందులో ఒక పచ్చిగడ్డి పోచ పెట్టింది. "మిగతా సగం అల్లు" అంది.

నీతి: ఎవరి ఇల్లు వాళ్ళ బతుక్కి తగ్గట్టు ఉంటుంది. వంక పెట్టేముందు ఆ ఇంట్లో కాసేపు కూర్చుని చూడాలి, అంతకన్నా ముందు మన ఇంటి ముడి బిగించుకోవాలి.