ఏడును వదిలేసిన కొంగ మాస్టారు

ఒకప్పుడు ఏ పిట్ట గుంపు లెక్క ఆ పిట్టకు ఉండేది. చిలకలు రెండేసి తిరిగేవి. గోరింకలు మూడేసి, పావురాలు నాలుగేసి, పిచ్చుకలు ఐదేసి, కౌజులు ఆరేసి, కాకులు ఎనిమిదేసి.

ఏడుగా తిరిగే పిట్టలు కూడా ఉండేవి. మట్టిరంగు ఒళ్ళు, పసుపు ముక్కు, తెల్ల కళ్ళు. ఏడూ అక్కచెల్లెళ్ళే. ఇప్పుడు మన పెరట్లో ఎండుటాకుల మీద గెంతుతూ చెవులు చిల్లులు పడేలా అరుస్తాయే, అవే. కానీ అప్పట్లో వాటంత నెమ్మదస్తులు అడవి మొత్తంలోనే లేరు. అంత నెమ్మదైన పిట్టలు ఇలా ఎందుకయ్యాయో చెబుతాను. చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది. ముందే చెప్పేస్తున్నాను.

ఆ అడవిలో ఒక కట్టుబాటు ఉండేది. వేసవిలో పిట్టలన్నీ కలిసి గడ్డిగింజలు ఏరేవి. ఆకుతో దొప్ప కుట్టి, దొప్పకు సరిగ్గా పది గింజలు పోసి, పైన ఇంకో ఆకు కప్పి పుల్లతో గుచ్చేవి. వాటిని పెద్ద మద్దిచెట్టు తొర్రలో దాచేవి. దొప్ప నిండని విడి గింజలను పక్కన కుప్పగా పోసేవి. ముసురు పట్టి బయట తిరగడానికి వీల్లేనప్పుడు ఆ గింజలే అందరికీ తిండి.

ఒక ఏడాది పంపకంలో ఒక్క గింజ మిగిలింది. దానికోసం రెండు చిలకలు ముక్కులు వంకర పోయేదాకా పొడుచుకున్నాయి. దాంతో తొర్రకు కాపలా ఉండే ఉడుత ఒక నియమం పెట్టింది.

"వరసలో నిలబడండి. నేను చేతికొచ్చినన్ని దొప్పలూ, విడి గింజలూ మీ ముందు పెడతాను. అవి మీ గుంపుకు సమానంగా పోతాయో పోవో చెప్పాలి. పోతాయంటే తీసుకెళ్ళండి. పోవంటే ఇంకో కుప్ప పెడతాను. తప్పు చెప్పినా, నా తోక నేలకు కొట్టేలోపు చెప్పలేకపోయినా, వెళ్ళి వరస చివర నిలబడండి."

దొప్పలు విప్పి పంచి చూసే టైము ఎక్కడిది? చూడగానే చెప్పాలి. అందుకని పిట్టలన్నీ కొంగ మాస్టారి దగ్గరికి పాఠానికి వెళ్ళాయి. మాస్టారు కాబట్టి మర్యాదగా 'ఆయన' అంటున్నాను గానీ, నాకు ఆయనంటే ఒళ్ళు మంట.

కొంగ మాస్టారు వాగు ఒడ్డున తడి ఒండ్రులో ముక్కుతో రాస్తూ చెప్పారు.

"రెండుకైతే విడి గింజలు మాత్రం చూడండి. అవి సరి సంఖ్యయితే పోతుంది. అసలు లేకపోయినా పోతుంది. ఐదుకీ అంతే. విడి గింజలు ఐదున్నా, అసలు లేకపోయినా పోతుంది."

"మరి దొప్పలు చూడక్కర్లేదా మాస్టారూ?" అని ఒక పిచ్చుక అడిగింది.

"దొప్పలో పది కదమ్మా. పది రెండుకీ పోతుంది, ఐదుకీ పోతుంది. ఇక దాంతో మనకేం పని?"

పాఠం బాగానే చెప్పారు, కాదనను. "మూడుకైతే దొప్పలెన్నో, విడి గింజలెన్నో కలపండి. ఆ మొత్తం మూడుతో పోతే అంతా పోయినట్టే. ఎందుకంటే, ముగ్గురికి ఒక దొప్ప పంచితే ఒక్క గింజేగా మిగిలేది" అన్నారు. నాలుగుకు చెప్పారు. ఆరుకు చెప్పారు. "రెండుకీ పోవాలి, మూడుకీ పోవాలి. రెండూ కుదిరితే ఆరుకు పోయినట్టే."

ఏడుగురు అక్కచెల్లెళ్ళు ముందుకు జరిగి, మెడలు సాచి కూర్చున్నాయి. తర్వాత తమ వంతే కదా మరి.

"ఇక ఎనిమిదికి" అన్నారు మాస్టారు.

పెద్దక్క నెమ్మదిగా రెక్క ఎత్తింది. "మాస్టారూ, ఏడు చెప్పలేదండి."

"ఏడుకు సూత్రం లేదమ్మా. భాగించి చూసుకోవడమే."

అంతే! ఆ ముక్క అనేసి ఎనిమిదికి వెళ్ళిపోయారు. పిల్లలూ, మీరే చెప్పండి, ఇది న్యాయమేనా? వేసవి ఎండలో అందరికంటే ఎక్కువ గింజలు ఏరింది ఆ ఏడుగురే. ఎనిమిదికి చెప్పారు, తొమ్మిదికి చెప్పారు, పదికి చెప్పారు. మధ్యలో ఏడుగురు బిక్కమొహాలు వేసుకుని కూర్చుంటే ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు.

ముసురు పట్టింది. పిట్టలన్నీ మద్దిచెట్టు దగ్గర వరస కట్టాయి. చిలకలు విడి గింజలు చూసి "పోతుంది" అని పట్టుకెళ్ళాయి. గోరింకలు దొప్పలూ గింజలూ కలిపి "పోదు" అన్నాయి. ఉడుత ఇంకో కుప్ప పెడితే "ఇది పోతుంది" అని పట్టుకెళ్ళాయి. ఏడుగురి ముందు ఉడుత తొమ్మిది దొప్పలూ, ఒక విడి గింజా పెట్టింది.

"ఏడు ఒకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు..." అని పెద్దక్క ఎక్కం మొదలుపెట్టింది. ఎక్కం సగంలో ఉండగానే ఉడుత తోక నేలకు తగిలింది.

"వరస చివరికి!"

వెళ్ళాయి. మళ్ళీ వంతు వచ్చింది, మళ్ళీ తోక తగిలింది. పొద్దు గూకేదాకా అదే పని. గూట్లో పిల్లలు ఎర్రటి నోళ్ళు తెరుచుకుని ఎదురుచూస్తున్నాయి. ఏడుగురూ ఉత్త ముక్కులతో ఇంటికి వచ్చాయి.

మర్నాడు తడుచుకుంటూనే కొంగ మాస్టారి దగ్గరికి వెళ్ళాయి.

"మాస్టారూ, పిల్లలు ఆకలితో ఉన్నారండి. మాకూ ఏదో ఒక దారి చెప్పండి" అని పెద్దక్క బతిమాలింది.

కొంగ మాస్టారు ఏడుగురినీ ఒకసారి చూశారు. అందరికంటే చిన్నది బుల్లెమ్మ. దాని ఎడమ కాలు కుంటి. ఎప్పుడూ అందరికంటే వెనక గెంతుతూ వచ్చేది.

"దారి ఉంది. ఆరుకు సూత్రం చెప్పాను కదా! ఆ కుంటిదాన్ని వదిలేసి ఆరుగురుగా రండి. గొడవే ఉండదు" అన్నారు మాస్టారు.

విన్నారా? లెక్క కుదరడం లేదని చెల్లెల్ని వదిలేయమన్నాడు! ఇంకా 'ఆయన' అనాలట నేను!

అక్కలు తేరుకుని వెనక్కి చూసేసరికి బుల్లెమ్మ లేదు.

ఏడుగురిలో మొట్టమొదట గొంతెత్తి అరిచింది పెద్దక్కే. అంతవరకూ ఆ గొంతులో అంత అరుపు ఉందని దానికే తెలియదు. ఆరుగురూ అరుచుకుంటూ పొదపొదా వెతికాయి. బుల్లెమ్మ ఒక కలిమిచెట్టు కింద, తడిసి ముద్దై కూర్చుని ఉంది.

"ఏమే, ఎక్కడికి పోయావే?" అని పెద్దక్క గద్దించింది.

"మీరు ఆరుగురైతే పిల్లలకు తిండి దొరుకుతుందిగా అక్కా."

"నోరు ముయ్యి! లెక్కకోసం మనం ఉన్నామా, మనకోసం లెక్క ఉందా? లెక్క కుదరకపోతే ఆ లెక్కను మార్చుకోవాలి గానీ, చెల్లెల్ని వదిలేస్తారా ఎవరైనా?"

"మరి మనకు సూత్రం లేదుగా."

"లేదని ఎవరన్నారు? ఆ కొంగ అన్నాడు. ఆయనకు తెలియకపోతే లేనట్టేనా?"

ఆరుగురు అక్కలూ ఒక్కసారిగా మాట్లాడ్డం మొదలెట్టాయి. ఒకటి విడి గింజలు చూడాలంది. ఇంకోటి దొప్పలు చూడాలంది. నడిపక్కకు ఏడుపొచ్చింది. "అమ్మ ఉన్నప్పుడు ఈ బాధే లేదు. సాయంత్రం అయ్యేసరికి రెండు దొప్పలూ ఒక విడి గింజా తెచ్చేది. తలా మూడు తినేవాళ్ళం. ఎప్పుడూ తగువు రాలేదు" అంది.

"ఆ విడి గింజ ఎందుకు తెచ్చేదో తెలుసా? రెండు దొప్పలంటే ఇరవయ్యే. మీరందరూ మూడేసి తీసుకుంటే ఆఖర్న నాకు రెండే వచ్చేవి. ఆ ఒక్క గింజా నా కోసమే తెచ్చేది అమ్మ" అంది బుల్లెమ్మ.

అందరికీ అమ్మ గుర్తొచ్చింది. కాసేపటికి పెద్దక్క కళ్ళు పెద్దవి చేసుకుని అంది.

"ఒక విడి గింజకు రెండు దొప్పలు జత చేస్తే మనకు సరిగ్గా పోతుంది. అవునా? అయితే కుప్పలో ఎన్ని విడి గింజలుంటే అన్ని జతలు కట్టి పక్కన పెట్టేద్దాం. వాటితో ఇక మనకు పని లేదు!"

"అప్పుడు ఉత్త దొప్పలే మిగులుతాయి" అంది నడిపక్క.

"మిగిలిన దొప్పలు ఏడైతే తలా ఒకటి. పద్నాలుగైతే తలా రెండు. ఏమీ మిగలకపోతే ఇంకా మంచిది. అలా కాకుండా ఎన్ని మిగిలినా, పోదు!"

ఏడుగురూ మద్దిచెట్టు దగ్గరికి పరుగెత్తాయి. ఉడుత మళ్ళీ ఆ తొమ్మిది దొప్పలూ, ఒక గింజే పెట్టింది.

"ఒక గింజకు రెండు దొప్పలు జత! మిగిలింది ఏడు! పోతుంది!" అని ఏడు గొంతులూ ఒకేసారి అరిచాయి. ఉడుత తోక ఎత్తింది ఎత్తినట్టే ఆగిపోయింది.

పంపకం చూద్దామని వచ్చిన కొంగ మాస్టారు మెడ సాచారు. "నేను చెప్పని సూత్రం చెల్లదు. ఏదో గాలివాటంగా తగిలింది. ఇంకోటి పెట్టు" అన్నారు.

ఉడుత తొమ్మిది దొప్పలూ, రెండు గింజలూ పెట్టింది.

"రెండు గింజలకు నాలుగు దొప్పలు! మిగిలింది ఐదు! పోదు!"

ఎనిమిది దొప్పలూ, నాలుగు గింజలూ పెట్టింది.

"నాలుగు గింజలకు ఎనిమిది దొప్పలు! ఏమీ మిగల్లేదు! పోతుంది!"

ఉడుత అనుమానం తీరక అన్నీ విప్పి ఏడు వాటాలు వేసి చూసింది. తలా పన్నెండు. ఒక్క గింజ ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆ కుప్ప వాళ్ళకే ఇచ్చేసింది. ఆ పూట గూట్లో పిల్లలు కడుపునిండా తిన్నాయి.

పెద్దక్క మాత్రం తినలేదు. కోపం చల్లారలేదు మరి. వాగు ఒడ్డుకు వెళ్ళింది. వెనకే మిగతా ఆరుగురూ వెళ్ళాయి.

"మాస్టారూ, ఆరు తర్వాత మా సూత్రం కూడా రాయండి. రేపు ఇంకో ఏడుగురు వస్తారు. వాళ్ళనీ ఒకర్ని వదిలేసి రమ్మంటారా?"

"చాలా పొడుగ్గా ఉందమ్మా మీ సూత్రం. ఆరుకూ ఎనిమిదికీ మధ్య అంత చోటు లేదు" అన్నారు కొంగ మాస్టారు.

"చోటు లేదా! వాగు పొడుగునా ఒండ్రే కదండీ! మీకేం, మీరొక్కరు. ఒకటితో ఏ సంఖ్యయినా పోతుంది. మీకెప్పుడూ శేషం రాదు. ఒకర్ని వదిలేయడమంటే ఏమిటో మీకెలా తెలుస్తుంది?"

ఏడుగురూ ఆయన చుట్టూ చేరి సూత్రం అరవడం మొదలెట్టాయి. "ఒక గింజకు రెండు దొప్పలు! ఒక గింజకు రెండు దొప్పలు!" ఆయన మెడ భుజాల్లోకి ముడుచుకుని, నీళ్ళలోకి నడిచి, ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకున్నారు. ఏడుగురూ ఒడ్డున నిలబడి అరుస్తూనే ఉన్నాయి.

అరుపు మధ్యలో నడిపక్కకు ఒక అనుమానం వచ్చింది. "ఐదు దొప్పలూ, ఆరు గింజలూ వస్తే ఎలాగే? ఆరు గింజలకు పన్నెండు దొప్పలు కావాలి. దొప్పలు చాలవు!" అంది. "అప్పు తెచ్చుకుందాం" అంది ఒకటి. "అప్పు తెస్తే ఎన్ని తేవాలి?" అంది ఇంకోటి. "ఏడు!" "ఏడు అప్పు తెస్తే పోయినట్టా, పోనట్టా?" మొదలైంది తగువు. అది ఇప్పటికీ తేలలేదు. మీకు తేలితే వెళ్ళి వాటికి చెప్పండి, పుణ్యం ఉంటుంది.

అప్పటినుంచే కొంగ మెడ ముడుచుకుని నీళ్ళలో ఒంటరిగా నిలబడుతుంది. అప్పటినుంచే ఆ మట్టిరంగు పిట్టలు ఏడుగా కలిసి తిరుగుతాయి, ఎండుటాకు కనబడితే చాలు, కింద విడి గింజ ఉందేమోనని తిరగేస్తాయి, పొద్దస్తమానం కోపంగా అరుస్తాయి. ఈసారి మీ పెరట్లోకి వచ్చినప్పుడు లెక్కపెట్టండి. ఆరే కనబడితే లెక్క తప్పిందనుకోకండి. కాసేపు ఆగండి. ఆ ఆరూ కూడా ఆగే ఉంటాయి. వెనక్కి తిరిగి అరుస్తూ, కుంటుకుంటూ వచ్చే చెల్లెలు చేరేదాకా ఒక్కటీ అక్కణ్ణుంచి ఎగరదు.