గోటితో గీకిన తలుపు

యానాంలో ఫ్రెంచివాళ్ల దొరతనం సాగే రోజుల్లో పేరిశాస్త్రిగారని ఒక పండితుడు ఉండేవారు. ఆయనకొక అలవాటు. ఇంటికి ఎవరొచ్చినా వీధిలోంచే గొంతెత్తి పిలవాలి. పిలిస్తే జపంలో ఉన్నా సరే, "రావయ్యా" అని లోపలినుంచి పలికేవారు. పిలవకుండా గుమ్మం దగ్గర తచ్చాడేవాళ్లని చూసి కూడా చూడనట్టు కూర్చునేవారు. ముసలాయన చాదస్తమని ఊరు నవ్వుకునేది. శిష్యుడు విస్సన్నకి మాత్రం ఈ నియమంతో ఎప్పుడూ పేచీ లేదు. చిన్నతనం నుంచీ అతను వీధి మొదట్లోనే "గురువుగారండోయ్" అని కేక పెట్టేవాడు. ఆ కేకకి అరుగుల మీద మేకలు లేచి పరుగు తీసేవి.

ఆ విస్సన్న ఏటికవతల జమీందారుగారి కోటలో భారతం చెప్పడానికి వెళ్లి, చాతుర్మాస్యం అంతా అక్కడే ఉండిపోయాడు. జమీందారుగారు మెచ్చి, ఆస్థానంలోనే ఉండిపొమ్మన్నారు. గురువుగారితో ఒక మాట చెప్పి వెళ్దామని ఓ మధ్యాహ్నం యానాం వచ్చాడు. శాస్త్రిగారి వీధి తలుపు బార్లా తీసే ఉంది. ఆయన సావిట్లో చాపమీద కూర్చుని వక్కలు కత్తిరించుకుంటున్నారు. విస్సన్న గుమ్మం ముందు ఆగి, కొత్త శాలువా సర్దుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సన్నగా దగ్గాడు. కాసేపాగి మళ్లీ దగ్గాడు. ఎండ మాడు పగలగొడుతోంది. శాస్త్రిగారు చాలాసేపు అతని వంకే చూసి, చివరికి తానే "లోపలికి రా" అన్నారు.

సంగతంతా విని ఆయన మళ్లీ వక్కల మీదకి వంగారు.

"తమరికి ఇష్టం లేదని తెలుస్తూనే ఉందండి," అన్నాడు విస్సన్న. "ఇందులో పోయేదేముందో చెప్పండి మరి. ఏరు దాటితే కోట. సరిపడకపోతే మర్నాడు పడవెక్కి వచ్చేస్తాను. నా ఇల్లెక్కడికి పోతుందండీ? నా పెళ్లామెక్కడికి పోతుంది? మీరెక్కడికి పోతారు?"

"నా సంగతి చెప్పలేంలే," అని శాస్త్రిగారు అడకత్తెర పక్కన పెట్టారు. "బ్రియాక్ దొర కథ నీకెప్పుడూ చెప్పలేదు కదూ?"

శాస్త్రిగారు వాదించే మనిషి కారు. ఆయన చెప్పిన కథ ఇది.

బ్రియాక్ దొరది ఫ్రాన్సు దేశంలో పడమటి సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరు. వంశం పెద్దదే కాని ఆస్తి చెప్పుకోదగ్గది కాదు. ఓ రాతి ఇల్లు, వెనక ఆపిలు తోట, ఎనోరా అనే ఇల్లాలు. ఆయన గొంతు మాత్రం నిజంగా జమీందారీ గొంతే. సాయంత్రం పడవ దిగి, తోట చివరి నుంచే "ఎనోరా!" అని అరిచేవాడు. ఆ కేక వినిపించగానే ఆవిడ పొయ్యి మీద కుండ దించేది. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి బల్ల మీద వేడివేడిగా చారు ఉండేది. ఇద్దరికీ పిల్లలు లేరు. ఆ ఇంట్లో సందడంటే ఆ కేకే.

తండ్రి లాగా తానూ ఓ యుద్ధపు ఓడకి కప్తాను కావాలని ఆయన కోరిక. అది రాజుగారు ఇయ్యవలసిన పదవి. అయితే ఆ రాజుగారికొక పద్ధతి ఉంది. తన కళ్లెదుట తిరగనివాడికి ఏమీ ఇయ్యరు. ఎవరైనా ఎవరి పేరైనా ఎత్తి సిఫారసు చేస్తే, "ఆయన మా కంటపడ్డట్టు లేదే" అంటారు. ఇక ఆ మనిషి ఆశ వదులుకోవలసిందే. అందుకని దేశంలోని ప్రభువులంతా కోటలూ పొలాలూ గాలికొదిలేసి, రాజుగారి కంటపడడానికి ఆయన కాపురముండే నగరులో చేరారు. బ్రియాక్ దొరా బయల్దేరాడు.

"ఒక్క శీతాకాలం. అంతే," అన్నాడు భార్యతో.

"వెళ్లిరండి," అంది ఎనోరా. "కేకలేసే మనిషి లేకపోతే నాకు పొద్దుపోదు. తొందరగా వచ్చెయ్యండి."

రాజనగరులో ఆయనకి పైకప్పు కింద ఓ ఇరుకు గది దొరికింది. పొయ్యి రాజేస్తే పొగ, రాజెయ్యకపోతే చలి. తెల్లారకుండానే లేచి, నగరు మర్యాద ప్రకారం జుట్టుకి తెల్లపిండి అద్దుకుని, రాజుగారి పడకగది బయట గుంపులో నిలబడాలి. రాజుగారికి చొక్కా అందించడానికి ఒక ప్రభువు, కుడిచెయ్యి దూర్చడానికి ఒకడు, ఎడమచెయ్యికి ఇంకొకడు. ఆయన ఒక్కడూ కూర్చుని భోంచేస్తుంటే నగరులోవాళ్లంతా చుట్టూ నిలబడి చూసేవారు. అన్నేసి కళ్ల మధ్య ముద్ద ఎలా దిగుతుందో ఈ పల్లెటూరి దొరకి బోధపడలేదు. రాణిగారి సముఖంలో పీట మీద కూర్చునే హక్కు కోసం గొప్పింటి ఆడవాళ్లు ఏళ్ల తరబడి కత్తులు నూరుకునేవారు. మొదట్లో ఇవన్నీ చూసి ఆయనకి నవ్వొచ్చేది. ఎనోరాకి చెప్పి నవ్వించాలనుకునేవాడు. కొన్నాళ్లకి ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది.

మర్యాదలు ఒక్కొక్కటే వంటబట్టాయి. మడమ చప్పుడు కాకుండా నడవడం, పెదవి కదిలీ కదలకుండా మాట్లాడడం. అన్నిట్లోకీ పెద్దది తలుపు మర్యాద. ఆ నగరులో తలుపు తట్టడం మోటు. ఎడమచేతి చిటికెనవేలి గోటితో మెల్లగా గీకాలి. లోపలి ద్వారపాలకుడు విని తెరుస్తాడు. గడియ వేసి ఉన్నా లేకున్నా, తన చేత్తో తాను తలుపు తొయ్యడం తప్పు. వెంటనే మళ్లీ గీకడం ఇంకా పెద్ద తప్పు. తెరవలేదంటే, లోపలివాళ్లకి మన మొహం చూడాలని లేదన్నమాట. చప్పుడు చెయ్యకుండా వెనక్కి అడుగులేసి తప్పుకోవాలి. ఇందుకోసం మహామహులంతా ఆ ఒక్క గోరూ పెంచుకునేవారు. బ్రియాక్ దొరా పెంచాడు. మొదటిసారి ఆ గోటితో గీకినప్పుడు, పిల్లిలా ఉన్నానని ఆయనకే సిగ్గేసింది. తర్వాత్తర్వాత ఆ సిగ్గూ పోయింది.

ఒక్క శీతాకాలమన్నది ఏళ్లకి పాకింది. ఇవాళ వెళ్లిపోతే ఇన్నాళ్లు నిలబడిందంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది, రేపే రాజుగారు పలకరిస్తారేమో. ఈ 'రేపు' ఆయన్ని కట్టిపడేసింది. చివరికి ఓసారి రాజుగారు పడుకోబోతూ, దీపపు సెమ్మె పట్టుకునే గౌరవం బ్రియాక్ దొరకిచ్చారు. దుస్తులు మార్చుకునేటప్పుడు వెలుగు చూపించడమే ఆ పని. పనికిమాలిన పనే, కాని దానికోసం ప్రాణాలిచ్చేవాళ్లున్నారు. దొర ఆనందంతో మెట్లెక్కి గదికి పోయాడు. ఈ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలి. ఎవరున్నారు? అసూయపడేవాళ్లు తప్ప అయ్యో అనేవాళ్లుగాని, ఆహా అనేవాళ్లుగాని ఆ నగరులో ఎంత వెతికినా లేరు. మంచం మీద కూర్చుని, "ఎనోరా, ఇవాళ దీపం నేనే పట్టుకున్నాను," అని గోడతో చెప్పాడు. చెప్పాక ఆయనకి ఏడుపొచ్చింది.

మర్నాడు మనసాగక, కాస్త చనువుగా ఉండే ఫ్లోరాన్ ప్రభువుతో తోటలో నడుస్తూ, "ఎన్ని గౌరవాలు జరిగితే ఏం గాని, మా ఊరి ఉప్పుగాలి గుర్తొస్తోందండీ," అన్నాడు. అన్నేళ్లలో ఆయన నోట వచ్చిన నిజమైన మాట అదొక్కటే. గోడలకి చెవులుంటాయని జాగ్రత్తపడ్డవాడు, మనిషికి నోరుంటుందని మరిచిపోయాడు. సెమ్మె తనకి రాలేదని రగిలిపోతున్న ఫ్లోరాన్ ఆ మాటని నేరుగా రాజుగారి చెవిన వేశాడు. "బ్రియాక్ దొరకి తమ సన్నిధి విసుగ్గా ఉందట ప్రభూ. తాము దీపం చేతికిచ్చాక కూడా."

తర్వాత మంత్రి ఒకాయన ఓడ పదవి కోసం బ్రియాక్ దొర పేరెత్తాడు. దొర ఎదురుగానే నిలబడి ఉన్నాడు. రాజుగారు ఆయన భుజం మీదుగా కిటికీ వంక చూస్తూ, "ఆయన మా కంటపడ్డట్టు లేదే," అన్నారు.

అంతే, ఇంకెవరికీ ఆయన కనబడలేదు. వరండాల్లో ఎదురైనవాళ్లు ఖాళీ జాగాని చూసినట్టు చూసి పోయారు. గీకిన తలుపు ఒక్కటీ తెరుచుకోలేదు. నిన్నటిదాకా వంగి వంగి దణ్ణాలు పెట్టిన ద్వారపాలకులు గీకుడు విని కూడా కదలలేదు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టయింది ఆయన పని. పెట్టె సర్దుకుని ఊరికి బయల్దేరాడు.

చేరేసరికి పొద్దు వాటారింది. సన్నగా వాన. తోట దాటి గుమ్మం ముందుకొచ్చాడు. కిటికీలో దీపం ఉంది. కుండలో ఏదో ఉడుకుతున్న వాసన. లోపల ఎనోరా పనిమనిషితో మాట్లాడుతోంది. గొంతు కాస్త ముసలిదైంది కాని, అదే గొంతు. దొర పిలుద్దామని నోరు తెరిచాడు. ఏళ్ల తరబడి గుసగుసలాడిన గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. చెయ్యెత్తాడు. ఆ చెయ్యి తనకి తెలిసిన పనే చేసింది. చిటికెనవేలి గోటితో, సొంత ఇంటి తలుపు మీద, మెల్లగా గీకాడు.

లోపల మాటలాగాయి.

"మళ్లీ ఎలకలొచ్చాయే," అంది ఎనోరా. "రేపు పక్కింటి పిల్లిని పట్టుకురా."

దొర నిలబడ్డాడు. వాన టోపీ మీంచి మెడ మీదకి కారుతోంది. తలుపు తెరుచుకోలేదు. రెండోసారి గీకడానికి ఆయనకి చెయ్యి రాలేదు. తెరవని తలుపంటే ఏమిటో ఆయనకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడ కూడా తాను అక్కర్లేదనుకున్నాడు. ఎలకనైపోయాననుకున్నాడు. అభిమానం తన్నుకొచ్చింది. గుమ్మానికి తల వంచి, వెనక్కి వెనక్కి అడుగులు వేసి, రేవు దారి పట్టాడు. ఆ వారంలోనే మన దేశానికొచ్చే ఓడలో గుమాస్తాగా ఎక్కేశాడు.

అలా యానాం చేరి, ఫ్రెంచి కుంఫిణీవారి బట్టల గిడ్డంగి చూసుకుంటూ ఉండిపోయాడు. తెలుగు నేర్చుకోవాలని అప్పటికి పడుచువాడైన పేరిశాస్త్రిని కుదుర్చుకున్నాడు. చింత చచ్చినా పులుపు చావదంటారు. మొదటిరోజు శాస్త్రిగారింటికి వచ్చి, ఓరగా వేసి ఉన్న తలుపుని గోటితో గీకాడు. వంటింట్లోంచి శాస్త్రిగారి తల్లి, "ఒరే పేరిగా, ఎలకరా! చీపురు తీసుకో," అని అరిచింది. శాస్త్రిగారు చీపురుతో సహా వెళ్లి తలుపు తీస్తే, ఎదురుగా పట్టుకోటు తొడుక్కున్న తెల్లదొర. కళ్లనీళ్లు ధారగా కారుతున్నాయి. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగిస్తే, వచ్చిన మాటలూ రాని మాటలూ కలిపి కథంతా చెప్పుకున్నాడు.

కొన్నేళ్లకి దొర ఊరివాడే ఒక సిపాయి ఓడ దిగి గిడ్డంగికొచ్చాడు. దొర ఎవరో వాడికి తెలియదు. దొరా చెప్పలేదు. అప్పటికి కాస్త ఫ్రెంచి పట్టుబడ్డ శాస్త్రిగారు పక్కనే ఉన్నారు. మాటల్లో మాటగా, తోట వెనక రాతింట్లో ఎనోరా అని ఒకావిడ ఉండాలే, ఎలా ఉందని దొర అడిగాడు.

"పోయిందండీ, కిందటేడే," అన్నాడు సిపాయి. "పాపం, కొంచెం పిచ్చిదని అనేవారు. వాళ్లాయన ఊరొదిలిన రోజునించీ ఆ తలుపుకి గడియ పెట్టలేదండి. దొంగలొస్తారంటే వినేది కాదు. దూరాన్నించి వచ్చే మనిషి, వానలోనో చలిలోనో వస్తాడు, గుమ్మంలో నిలబెడతామా, తోసుకుని వచ్చేస్తాడు అనేదిట."

సిపాయి వెళ్లాక దొర, బట్ట కత్తిరించే కత్తెర తీసుకుని ఆ గోరు కత్తిరించేశాడు. గోటితోపాటు వేలూ తెగింది. ఆ తర్వాత బతికిన నాలుగేళ్లూ, శాస్త్రిగారింటికి ఎప్పుడొచ్చినా వీధి మొదట్లోంచే గట్టిగా పిలిచేవాడు. పిలిచీ పిలిచీ ఆయన గొంతు మళ్లీ కొంచెం పెగిలింది.

శాస్త్రిగారు చెప్పడం ఆపి అడకత్తెర అందుకున్నారు. విస్సన్న కళ్లు చెమర్చాయి. కొంత కోపం కూడా వచ్చింది.

"తోస్తే వచ్చే తలుపేనటండీ! సొంత ఇల్లు, సొంత మనిషి. పోనీ తొయ్యలేకపోయాడు, 'ఎనోరా' అని ఒక్క కేకెయ్యడానికేమొచ్చిందండీ ఆయనకి?"

శాస్త్రిగారు వక్కని రెండు ముక్కలు చేసి, ఒకటి శిష్యుడి చేతిలో పెట్టారు.

"అదే నాకూ తెలీదురా. ఇంతకీ ఇందాక గుమ్మంలో నిలబడి దగ్గిందెవరు?"