కోట వాకిట పలక, కొమురవ్వ గొంగడి

ఏ రాజు ఏలిన కాలమో గానీ, ఒక కోట వాకిట ఓ పెద్ద పలక ఉండేది పిల్లలూ! దాని మీద పన్నెండుమంది చేతిపనివాళ్ల పేర్లు. సత్రాల అధికారులది ఒకటే పద్ధతి. పేరు పలకెక్కిన రోజున ఆ మనిషి చేసిన సరుకు కళ్లు మూసుకుని కొనేవాళ్లు. పేరు చెరిగితే మానేసేవాళ్లు.

ఆ ఊళ్లో కొమురవ్వ గొంగళ్లు నేసేది. ఎంత పనిమంతురాలనుకున్నారు! ఉన్నిదారానికి చింతగింజల గంజి పట్టించి నేసిందంటే, వాన చుక్క లోపలికి దిగేది కాదు. ధర మూడు రూకలు. వానల్లోపు గొర్రెల కాపరులకు నలభై ఇస్తానని మాటిచ్చింది.

ఒకనాడు దండోరా వేశారు. "పున్నమికి గొంగళ్లు నేసే మైసయ్య పేరు చెరిపి, కొమురవ్వ పేరు ఎక్కిస్తున్నారహో!"

ఇంకేముంది! వర్తకుడు నాగిశెట్టి రొప్పుకుంటూ వచ్చాడు. పున్నమినాడు సత్రాలకు ఎక్కువకు అమ్ముకోవాలని అతని ఎత్తు.

"అవ్వా, ఆ నలభై నాకియ్యి. ఒక్కోటికి ఐదు రూకలు!"

"పట్టి చూశావా శెట్టీ?"

"చూసేదేముంది, పేరు పలకెక్కుతోందిగా!"

"నిన్నటి గొంగడే ఇది. కాపరులకు మాటిచ్చాను, ఇవ్వను."

వారం పోయాక వచ్చి ఏడు రూకలన్నాడు. ఇవ్వలేదు. పున్నమి ముందురోజు పదన్నాడు. కొమురవ్వ ఇంటి కప్పు వైపు చూసింది. వానొస్తే ఆమె ఇల్లు కారుతుంది మరి! కానీ కొండమీద తడిసే కాపరులు గుర్తొచ్చారు. ఆ పూటే పిలిచి నలభయ్యీ మూడేసి రూకలకే ఇచ్చేసింది.

శెట్టి ఊరుకుంటాడా? ఇంటింటికీ తిరిగి ఆమె ఇదివరకు నేసిన గొంగళ్లే పదేసి రూకలు పెట్టి కొన్నాడు. పున్నమినాడు సత్రాలవాళ్లు పన్నెండిస్తామన్నారు. సగం అమ్మి, ఇంకా పెరుగుతుందని సగం దాచాడు. మర్నాడు అడిగే నాథుడే లేడు. ధర నాలుగుకు దిగింది.

"పేరు పలక మీదే ఉందిగా అవ్వా!" అని లబోదిబోమన్నాడు.

"కొనాల్సినవాళ్లు కొనేశారయ్యా. పేరెక్కిందని గొంగడికి ఒక్క పోగైనా పెరిగిందా?"

పాపం మైసయ్య! పేరు చెరిగాక అతని గొంగళ్లు రూకకు కూడా పోవడం లేదు. కొమురవ్వ వెళ్లి పట్టి చూసి, ఇంకా గొంగళ్లు అందని కాపరులను పిలిచింది.

"ఇవి నా వాటికి ఏమాత్రం తీసిపోవు. మూడు రూకలిచ్చి తీసుకోండి."

అవ్వ చెప్పిందంటే తిరుగులేదని అన్నీ కొన్నారు. తొలి వాన పడేలోపు కాపరులంతా కలిసి రెల్లుగడ్డి మోసుకొచ్చి, పైసా పుచ్చుకోకుండా అవ్వ ఇంటికి కొత్త కప్పు వేశారు.

పేరు పలకెక్కితే పెరిగేది ధర మాత్రమే. మనిషి విలువ పెరిగేది పనితనంతోనూ, నిలబెట్టుకున్న మాటతోనూ!