పేర్రాజుగారి బర్మాటేకు మెట్లు

ఇది అక్షరాలా జరిగిన కథ. ఇందులో ఒక్క ముక్క కల్పించినా రేపటి నుంచి నా కాఫీలో పంచదార పడకుండుగాక!

కాకినాడ జగన్నాథపురంలో పేర్రాజు అనే ఆయన ఉండేవాడు. తన సొత్తులో ఆవగింజంత లోపం ఉందని ఒప్పుకోవడం కంటే ఆవకాయ లేకుండా బతకడమే సులువనుకొనే బింకం ఆయనది. ఆయన ఇంట్లో మేడ మీదికి చెక్కమెట్లు ఉండేవి. "అన్నీ బర్మాటేకు! ఊళ్లో ఇంకెవరికీ లేవు" అని పాలవాడికీ, పోస్టుమాన్‌కీ, దారినపోయే మేకలకీ కూడా చెబుతుండేవాడు. ఆ మెట్లు ఎక్కుతుంటే వచ్చే కిర్రు చప్పుడుకి, రేవులోని ఓడలు తమనెవరో పిలుస్తున్నారనుకొని వెనక్కి తిరిగేవి. రెయిలింగు సంగతి సరేసరి. పక్కింట్లో తుమ్మినా ఊగేది.

ఆయన భార్య కనకవల్లి వీణ చక్కగా వాయించేది. మేడ మీద గదిలో పిల్లలకి నేర్పాలని ఆవిడ ఎన్నాళ్లుగానో అనుకుంటోంది. వీధిలో తల్లులు వచ్చారు, మెట్లు చూశారు, గుండెల మీద చెయ్యి వేసుకున్నారు.

"సరిగమలు వచ్చేలోపు మా పిల్లల కాళ్లు విరుగుతాయి పిన్నిగారూ! ముందు ఇవి బాగుచేయించండి. విజయదశమికి మేమే తీసుకొస్తాం" అన్నారు.

"ఏమండీ, ఈ దసరాకి మొదలుపెట్టకపోతే ఇంక నా వీణ అటకెక్కినట్టే" అంది కనకవల్లి. ఆ గొంతులో జీర విని, పేర్రాజు ఆ పూటే సోమలింగాచారికి కబురు పెట్టాడు.

సోమలింగాచారి పేరున్న వడ్రంగి. చేతిలో పనెంతో నోట్లో మాటా అంతే. "నేను పాలిష్ పట్టిన తలుపుల ముందు నిలబడి పెళ్లికొడుకులు గడ్డం గీసుకుంటారండీ బాబుగారూ!" అంటూ కింది మెట్టు నుంచి ఒక్కొక్కటే సుత్తితో తట్టి చూడసాగాడు.

పేర్రాజుకి ముచ్చెమటలు పోశాయి. ఎందుకంటే మధ్య మెట్టు టేకు కాదు. ఒకసారి కనకవల్లి పుట్టింటికి వెళ్లినప్పుడు అది విరిగితే, ఆయనే ఒక మామిడి చెక్క కొట్టి రంగు పూశాడు. ఇప్పుడు దాన్ని చెదలు అప్పడంలా తినేశాయి. ఈ సంగతి తెలిస్తే ఆచారి వీధివీధికీ వెళ్లి, 'పేర్రాజుగారి బర్మాటేకు మామిడికాయలు కాసింది' అని చాటడూ!

సుత్తి దగ్గరికొచ్చేసరికి పేర్రాజు గబగబా వెళ్లి ఆ మెట్టు మీద చతికిలబడ్డాడు.

"కాస్త లేస్తారా బాబుగారూ? అదీ చూసేస్తాను."

"దీన్ని ముట్టుకోకు ఆచారీ! మా తాతగారు... ఇదిగో, ఈ మెట్టు మీదే కూర్చుని, రామా అంటూ కన్నుమూశారు."

ఆచారి కళ్లు చెమర్చాయి. మెట్టుని తాకి కళ్లకద్దుకున్నాడు. "అయ్యో, ఎంత మాట! దీనికి ఉలీ సుత్తీ తగలనివ్వనండి. గుడ్డతో పాలిష్ మాత్రం అద్దుతాను" అన్నాడు.

అతను పెరట్లోకి వెళ్లగానే కనకవల్లి దగ్గరికొచ్చింది. "మీ తాతగారు పోయింది పిఠాపురంలో కదండీ?"

"నెమ్మదిగా, నెమ్మదిగా!"

"ఆ మెట్టు మెత్తగా దిగుతోందండీ. ఆచారికి చెప్పండి."

"పాలిష్ పడితే అదే గట్టిపడుతుందిలే" అన్నాడు పేర్రాజు.

ఆచారి వదులైన మేకులు పీకాడు, ఊగే కర్రలు మార్చాడు, గరుకు కాగితంతో రుద్దాడు, పాలిష్ మీద పాలిష్ పట్టాడు. ఆ మెరుపు చూసి, కాకులు కిటికీలో వరుసకట్టి ఈకలు దువ్వుకున్నాయంటే నమ్మాలి మరి!

విజయదశమి పొద్దున్న తల్లులు పిల్లలతో వచ్చారు. తాంబూలం అందుకోవడానికి ఆచారీ కొత్త చొక్కా వేసుకొచ్చాడు. కనకవల్లి వీణ ఎత్తుకుని ముందు ఎక్కుతోంది. వెనకే పిల్లలు. కింద నిలబడి పొగడ్తలు అందుకుంటున్న పేర్రాజు తల తిప్పి చూశాడు. ఆవిడ పాదం మధ్య మెట్టు మీదికి లేస్తోంది.

"వల్లీ, ఆగు!"

పిల్లల్ని తప్పించుకుంటూ ఉరికి, ఆవిడకి అడ్డం పడ్డాడు. పడ్డం పడ్డం ఆ మెట్టు మీదే కాలు వేశాడు. అది ఫెళ్లుమంది. ఆ చప్పుడుకి సముద్రం జడుసుకుని ఉప్పాడ దాకా వెనక్కి జరిగింది. పేర్రాజు కాలు తొడ వరకూ దిగిపోయి, మెట్ల కింది అలమరలో పచ్చడి జాడీల మధ్య పొట్లకాయలా వేలాడింది.

నలుగురూ పట్టి లాగారు. రాలేదు.

"రంపం తెచ్చి కోసెయ్యవయ్యా ఆచారీ!" అని అరిచాడు పేర్రాజు.

ఆచారి చేతులు జోడించాడు. "ఎంత పాపం బాబుగారూ! పెద్దాయన ప్రాణం విడిచిన మెట్టు. దాని మీద రంపం పెడితే నాకు పుట్టగతులుంటాయా?"

"ముహూర్తం దాటిపోతోందండీ" అంది కనకవల్లి, వీణని గుండెకి హత్తుకుని.

పేర్రాజు చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. ఆవిడ మొహం చూశాడు. బింకం గుటుక్కున మింగేశాడు.

"మా తాతగారు పిఠాపురంలో మంచం మీద పోయారయ్యా! ఇది టేకూ కాదు. నేను కొట్టిన మామిడి చెక్క. చెదలు పట్టింది. నీకు తెలియకూడదని దాచాను."

ఆచారి నోరు తెరిచాడు. తరవాత పగలబడి నవ్వాడు. "ఓరి నాయనో! ఈ ముక్క ఆ రోజే చెబితే చిటికెలో మార్చేవాణ్ణి కదండీ! చెదలంటే కొంపలంటుకున్నాయా?"

చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన ఎదురింటి గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. "మా ద్వారబంధం కూడా టేకు కాదులెండి. వేప" అన్నాడు. దాంతో ఇల్లంతా నవ్వులే నవ్వులు.

ఆచారి మెట్టు కోసి కాలు బయటికి తీశాడు. మిగిలిన టేకు చెక్క తెచ్చి అక్కడ బిగించాడు. కనకవల్లి దాని మీద నిబ్బరంగా అడుగు వేసి పైకెళ్లింది. ముహూర్తం దాటకముందే మేడ మీద సరిగమలు మొదలయ్యాయి. పేర్రాజు కింద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటూ, హాయిగా తల ఊపుతూ విన్నాడు. ఆ తరవాత ఆయన, "మా చెదల్లాంటి చెదలు జిల్లాలో ఎక్కడా లేవు" అని గొప్పలు చెప్పుకొనేవాడు.

కాబట్టి పిల్లలూ, బాగుచేయడానికి వచ్చినవాడి దగ్గర లోపం దాచుకుంటే, అది నలుగురి ముందూ బయటపడుతుంది. చెప్పుకుంటే అక్కడితో తీరిపోతుంది. ఊఁ, ఇక లేవండి. మన పెరటి నిచ్చెన వడ్రంగి దగ్గరికి మోసుకెళ్లండి. ఏ మెట్టు ఊగుతోందో అతను అడక్కముందే చెప్పెయ్యండి.