ఒలందా తాత పేరు వెతికిన నాంచారమ్మ

సముద్రం ఇంకా పడుచుదిగా ఉన్న రోజులవి. ఒక్కో చేప తాటిదుంగంత ఉండేది. ఒక్కో అల లేస్తే చందమామ కాళ్ళు తడిసేవి. ఆ రోజుల్లో, ఆ సముద్రపు ఒడ్డున నీటిలంక అని ఒక పల్లెకారుల ఊరు. ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒక మనిషి.

మనిషి చూస్తే పిడికెడు. గొంతు మాత్రం ఊరంత. ఆమె గంప నెత్తిన పెట్టుకుని "చేపలో" అని ఇక్కడ కేకేస్తే, మూడు ఊళ్ళ అవతల పిల్లులు లేచి ఒళ్ళు విరుచుకునేవి.

నీటిలంకలో ఒక కట్టుబాటు ఉండేది. వేట మొదలయ్యే రోజున పడవలు వరస ప్రకారం నీళ్ళలో దిగాలి. ఒక్కో ఇంటివాళ్ళూ వచ్చి, పడవ ముక్కు మీద చెయ్యేసి, తమ మూలపురుషుడి పేరు చెప్పాలి, పని చెప్పాలి, పుణ్యం చెప్పాలి. ఆ రోజు దిగిన వరసే ఏడాది పొడుగునా వరస. చెప్పలేనివాళ్ళ పడవ అందరికన్నా ఆఖరు. ముందు పడవకి చేప, ఆఖరు పడవకి బురద.

నాంచారమ్మ పడవ ఎప్పుడూ ఆఖరే. ఆ పడవ ఆమె పుట్టింటిది. మొగుడు రాఘవులు ఇల్లరికం వచ్చినవాడు, పాపం నోట్లో నాలుక లేనివాడు. ఆమె పుట్టింటి మూలపురుషుడు ఎక్కడో తెల్లవాళ్ళ ఒలందా దేశం నుంచి ఓడెక్కి వచ్చాడనీ, ఆదెమ్మ అనే పల్లెపడుచుని పెళ్ళాడాడనీ అందరికీ తెలుసు. పేరు ఎవరికీ తెలీదు. ఒలందా తాత అనేవాళ్ళు, అంతే. పేరు లేదు కాబట్టి గొప్పలకి లోటు లేదు. ఆయన కోటకే దొర అని నాంచారమ్మ తండ్రి చెప్పేవాడు. ఆయన తుమ్మితే కోట మీద ఫిరంగులు వాటంతటవే పేలేవని నాయనమ్మ చెప్పేది.

వరసగా రెండేళ్ళు వలలో బురదే పడింది. మూడో ఏడు రాఘవులు పడవ అమ్మేసి కూలికి పోదామన్నాడు. వేట రోజు దగ్గరపడుతుంటే నాంచారమ్మ తిన్నగా కులపెద్ద గరికయ్య ఇంటికి వెళ్ళింది. ఈ గరికయ్య మీసం ఎంతటిదంటే, ఎండాకాలంలో దాని మీద వలలు ఆరేసేవాళ్ళు. ఊళ్ళో మొదటి పడవ ఆయనదే.

"ఏమ్మా నాంచారీ, మీ దొరగారి పేరు దొరికిందా, ఇంకా తుమ్ముతూనే ఉన్నాడా?" అన్నాడు ఆయన, వరండాలో ఉన్నవాళ్ళంతా నవ్వేలాగా.

"దొరుకుతుంది మావా. ఈసారి పట్టుకొస్తా."

"పేరూ, పనీ, పుణ్యం. మూడూ తెచ్చావంటే నీ పడవే ముందు, నా పడవ నీ వెనక. తేలేదంటే నీ పడవ ఇంక ఈ రేవులో దిగదు. సరేనా?"

సరేనంది. అని, ఆ కాళ్ళతోనే బయల్దేరింది. ఎంత విసురుగా నడిచిందంటే, ఆమె లేపిన దుమ్ము ఇప్పటికీ ఆ దారిలో పూర్తిగా అణగలేదు.

మొదట ఒలందావాళ్ళ సమాధుల దొడ్డికి వెళ్ళింది. అక్కడ రాళ్ళు చూస్తే గుండె జారుతుంది. ఒక్కో రాయి మీద ఓడలు, కిరీటాలు, పుర్రెలు, పుర్రెలకి కూడా గర్వం. కోటకి దొర అన్నవాడికి చిన్న రాయి వేస్తారా? అన్నిటికన్నా పెద్ద రాయి చూసుకుంది. ఏనుగు పడుకున్నంత ఉంది అది. దాని ముందు కూర్చుని, తెచ్చిన చేపల పులుసూ అన్నమూ పెట్టి, ముంతలో కల్లు పోసి, "ఓ ముత్తాతో, నీ వంశం బురద పాలయింది చూడు" అని రాగం తీసి ఏడ్చింది. కాకులు కూడా తినడం మాని విన్నాయి.

కాపలా ముసలాయన మస్తాను వచ్చి పక్కన నిలబడ్డాడు. తరతరాలుగా ఆ రాళ్ళని కడిగేది వాళ్ళ ఇంటివాళ్ళే. ఏ రాయి కింద ఎవరున్నారో ఆయనకి కంఠతా వచ్చు. ఆమె ఏడుపు ముగిసేదాకా మర్యాదగా ఆగాడు.

"అమ్మా, ఈయన నీకు ముత్తాత ఎట్టా అవుతాడు? ఈయన పాలపళ్ళు ఊడకముందే పోయాడు. దొరగారి చిన్న కొడుకు. ఆ కల్లు కాస్త పక్కకి పెట్టు."

నాంచారమ్మ కళ్ళు తుడుచుకుంది. మిగిలిన రాళ్ళన్నిటి గురించీ అడిగింది. ఆదెమ్మ మొగుడు ఏ రాయి కిందా లేడు. పల్లెపడుచుని చేసుకున్నవాడికి ఇంత రాయి ఎవరు వేస్తారమ్మా, పాదిరీగారి పెళ్ళిళ్ళ పుస్తకంలో అడిగి చూడు అన్నాడు మస్తాను. పులుసు మాత్రం బాగుందన్నాడు.

రెండోది, పాదిరీగారి గుడి. ఆ పుస్తకం ఎంత పాతదంటే, పేజీ తిప్పితే లోపలున్నవాళ్ళు దగ్గినట్టు చప్పుడయ్యేది. పాదిరీగారు ముక్కు ఆనించి వెతికి వెతికి ఒకచోట ఆగారు. ఆదెమ్మ, నీటిలంక. పక్కన మొగుడి పేరు యోరీసు.

నాంచారమ్మ ఆ పేరు మూడుసార్లు పలికి చూసుకుంది. యోరీసు. యోరీసు. యోరీసు. మూడోసారికి నోట్లో తియ్యగా ఉంది. ఏ కోటకి దొర అయ్యగారూ అని అడిగింది.

పాదిరీగారు పుస్తకం మీంచి ముక్కు ఎత్తారు. "దొర కాదమ్మా. పీపాలు కట్టేవాడు."

చెక్కలు చెక్కి, వంచి, ఇనప పట్టీలు బిగించి, నూనెకీ సారాకీ పీపాలు చేసి ఓడలకిచ్చే పని. కూలిపని. నాంచారమ్మ గుడి మెట్ల మీద కూలబడింది. పీపాలవాడి పేరు చెబితే గరికయ్య మీసం నవ్వుతో ఊడి కింద పడుతుంది. దొర అని అబద్ధం చెప్పేస్తే? పుస్తకం చదవడానికి గరికయ్య రాడు కదా. కానీ పేరు నోట్లో తియ్యగా ఉంది. ఆ పేరు పక్కన అబద్ధం పెట్టబుద్ధి కాలేదు. పేరు దొరికింది, పని దొరికింది, పుణ్యం ఒక్కటే మిగిలింది అనుకుని లేచింది.

మూడోది, మైలారయ్య గుడిసె. ఊరూరా తిరిగి ఇంటింటి వంశాలూ పాడే ముసలివాడు ఈ మైలారయ్య. పెళ్ళిళ్ళలో ఈయన తంబూర మోగితేనే పెళ్ళికొడుకు ఫలానావాడని లోకానికి తెలిసేది. వేయి వంశాలు నోటికొచ్చు, అన్నం తిన్నాడో లేదో మాత్రం గుర్తుండదు. యోరీసు అనే పేరు తన పాటల్లో లేదన్నాడు. పోనీ మా ఊరి పాటలన్నీ పాడు పెద్దయ్యా అని కూర్చుంది. సరేనని గరికయ్య ఇంటి పాట ఎత్తుకున్నాడు.

కొయ్య కడుపున పుట్టినాడు,
ఇనప మొలతాడు కట్టినాడు,
నీళ్ళ ఊయల ఊగినాడు...

"ఆగు. అది గరికయ్య మావ ఒక్కడి పాటేనా?" అంది నాంచారమ్మ.

కాదన్నాడు. నీటిలంకలో ఏ ఇంటి పాటైనా అలాగే మొదలవుతుందట. దేవుడి పుట్టుక కదా అని అందరూ మీసాలు మెలేస్తారట.

నాంచారమ్మ లేచి నిలబడింది. కొయ్య కడుపు. ఇనప మొలతాడు. దేవుడి పుట్టుక కాదది, పీపా. ఈ పాటకి ఆఖరి చరణం ఉందా పెద్దయ్యా అని అడిగితే, ఉంది గానీ అందులో ఏడుపుంది, పెళ్ళిళ్ళలో ఎవరూ పాడనివ్వరు అన్నాడు. పాడమంది. పాడాడు. విని, ఆయన్ని తంబూరతో సహా వెంటబెట్టుకుని ఊరికి వచ్చింది.

వేట రోజు వచ్చింది. పడవలన్నీ ఒడ్డున నిలిచాయి. నాంచారమ్మ తన పడవ ముక్కు మీద చెయ్యేసింది. రాఘవులు ఆమె వెనక దాక్కున్నాడు.

"పేరు?" అన్నాడు గరికయ్య.

"యోరీసు."

"పని?"

"పీపాలు కట్టేవాడు."

రేవంతా ఒక్కటే నవ్వు. ఆ నవ్వుకి అలలు కూడా వెనక్కి తగ్గాయంటారు. దొర కాస్తా దొర్లే పీపా అయ్యాడే అన్నారు ఎవరో. నాంచారమ్మ నవ్వు తగ్గేదాకా ఆగింది. తర్వాత పుణ్యం ఈయన చెబుతాడని మైలారయ్య వైపు చెయ్యి చూపించింది. మైలారయ్య తంబూర మీటి, ఎవరూ పాడనివ్వని చరణం పాడాడు.

ఒకనాడు ఉప్పెన వచ్చింది. అల కాదు, సముద్రమే లేచి నడిచి వచ్చింది. ఒలందా కొట్టులో సారా నిండిన పీపాలున్నాయి. పాటలో పేరు లేదు, ఆదెమ్మ మొగుడు పీపాలవాడు అనే ఉంది; ఆ యోరీసు గొడ్డలి తీసుకుని తలుపు పగలగొట్టాడు. యజమానుల సారా అంతా నేల మీద పారబోశాడు. ఆ వాసనకి ఏడూళ్ళ ఈగలు మత్తెక్కి పడ్డాయి. పరిగెత్తుకుంటూ వచ్చి ఊళ్ళో పిల్లల్ని ఒక్కో పీపాలో ఒక్కొక్కరిగా పెట్టాడు, మూతకి గాలి బెజ్జాలు వేశాడు, మోకులతో ఒకదానికొకటి కట్టాడు. ఆఖరి పీపాలో ఆదెమ్మా చంటిబిడ్డా ఎక్కారు. ఇంక పీపా లేదు. తాడు కొస నడుముకి చుట్టుకుని, మూడు రోజులు ఈదుకుంటూ ఆ పీపాల్ని లాక్కొచ్చి ఈ ఒడ్డుకి చేర్చాడు. ఆఖరి మూత తెరిచి, లోపల బిడ్డ ఏడుపు విన్నాడు. విని, కళ్ళు మూశాడు. అల వచ్చి తీసుకుపోయింది. రాయి వెయ్యడానికి శవం కూడా మిగల్లేదు.

తమ ఇంటి పాటల్లో ఉన్న కొయ్య కడుపు ఏమిటో అందరికీ తెలిసింది. గరికయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆయన మీసం జీవితంలో మొదటిసారి కిందకి వాలింది.

"మూడూ తెచ్చావమ్మా. నీ పడవే ముందు," అన్నాడు. "తియ్యండర్రా నా పడవ, వెనక్కి."

నాంచారమ్మ తెడ్డు అందుకుంది. రెండేళ్ళ బురద కళ్ళ ముందు ఆడింది. కానీ కదల్లేదు. మైలారయ్య వైపు తిరిగింది.

"పెద్దయ్యా, మా తాత ముందుగా ఎవరింటి పిల్లని పీపాలో పెట్టాడు?"

"పాటలో లేదమ్మా. చేతికి దొరికిన పిల్లని దొరికినట్టే పెట్టాడు."

"అయితే వరస ఆయనకే లేదు, మనకెందుకు మావా?" అంది నాంచారమ్మ. "అందరం దిగుదాం."

ఆ రోజు నీటిలంక పడవలన్నీ ఒక్కసారే నీళ్ళలో పడ్డాయి. ఆ తాకిడికి సముద్రం ఆరు గజాలు వెనక్కి జరిగింది, నమ్మనివాళ్ళు వెళ్ళి కొలుచుకోవచ్చు. ఆ రోజు రాఘవులు వల లాగలేక ఏడుగుర్ని సాయం పిలిచాడు.

ఈనాటికీ ఆ రేవులో వరస లేదు. పడవలు దించేటప్పుడు పేరు లేని ఇల్లంటూ లేదు. అన్ని నోళ్ళూ కలిపి "యోరీసో" అని ఒక్క కేక వేసి భుజం ఆనిస్తారు. ఇక ఆ ఊళ్ళో ఏ ఇంట బిడ్డ పుట్టినా, పురుడు తీరిన రోజున కడిగి ఆరబెట్టిన పీపాలో గుడ్డ పరిచి కాసేపు పడుకోబెడతారు. బిడ్డ ఏడ్చేదాకా ఎవరూ తియ్యరు. ఏడవగానే ఇంట్లో పెద్దావిడ వంగి పీపాలోకి చెబుతుంది:

"విన్నావా తాతా, ఒడ్డుకి చేరాం."